మిస్సోరీలో లండన్ గోడలు

మా వియ్యంకుడుగారు ఐదు రోజుల ప్యాకేజీ టూరులో లండన్ చూసొచ్చారు. అప్పటినుంచి మనిషి కరీంనగర్‌లో ఉన్నా మాట లండన్‌లోనే ఉంటుంది. కుళాయి నీళ్లు రాకపోయినా "లండన్లనైతే..." అంటారు. నేను రోడ్లు, భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. బట్టల షాపు నడిపిన మనిషి నాకు భవనాల గురించి పాఠం చెబుతుంటే ఒళ్లు మండేది. కానీ ఆడపిల్ల తండ్రిని, ఎదురు చెప్పలేను.

అమెరికాలో, ప్లేనోలో ఉంటున్న అమ్మాయి దగ్గరికి వచ్చాకా ఆ మంట చల్లారలేదు. ఇక్కడ గొప్పగా చెప్పుకోవడానికి కట్టడాలేవీ? వాళ్ల వీధిలో అతి పురాతనమైనది వాళ్లిల్లే. దానికి పన్నెండేళ్లు.

అలాంటి సమయంలో లైబ్రరీ పుస్తకంలో ఒక సంగతి చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి మొండిగోడలు మిగిలిన ఒక లండన్ చర్చిని, రాయి రాయికీ నంబరు వేసి, ఓడలో తెచ్చి మిస్సోరీ రాష్ట్రంలోని ఫుల్టన్ అనే చిన్న ఊళ్లో మళ్లీ కట్టారట. లండన్‌లో అది ఇప్పుడు లేదు. అంటే వియ్యంకుడుగారు దాన్ని చూసే అవకాశమే లేదు! ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

లాంగ్ వీకెండ్‌లో శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. అల్లుడు కిరణ్ డ్రైవింగ్. పక్కన ముందు సీటు నాది. వెనక మా ఆవిడ, అమ్మాయి, మధ్యలో పులిహోర డబ్బా. మీరూ వెళ్లేటట్టయితే ఆ డబ్బా మరవకండి. దారిలో శాకాహారులకు వేయించిన బంగాళాదుంపలే గతి.

"మామయ్యా, ఒక్క చర్చి కోసం టెన్ అవర్స్ డ్రైవ్ చేస్తున్నం. అక్కడ ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు కిరణ్, దారిలో జాప్లిన్ అనే ఊరి దగ్గర కాఫీ తాగుతూ.

"మీ నాన్నగారు చూడనిది ఉంది."

"అదీ అసలు సంగతి," అంది మా ఆవిడ.

మూడింటికి ఫుల్టన్ చేరాం. అక్కడి ఒక కాలేజీ పచ్చికలో తెల్లటి రాతి గోడలు, ఎత్తయిన వంపు కిటికీలు, ఒక మూల గంట గోపురం. లోపలి స్తంభాలు కొత్తగా చేసినవే కానీ గోడ రాళ్లు లండన్‌వేనని అక్కడి వాలంటీరు, ఒక పెద్దావిడ, చెప్పింది. ఒక రాతి మీద అరచెయ్యి ఆనించాను. నిజం చెప్పొద్దూ, ఒళ్లు పులకరించింది. మా శాఖకు పాత బంగళాను కూలగొట్టడానికి ఒక్క పూట చాలు. కూలినదాన్ని సముద్రం దాటించి నిలబెట్టడం నాకు ఊహకందలేదు.

"ఇండియా నుంచి దీన్ని చూడ్డానికే వచ్చారా?" అని అడిగింది ఆవిడ.

"మా అమ్మాయి మామగారిని ఓడించడానికి," అన్నాను ఇంగ్లీషులో. ఏమర్థం చేసుకుందో గానీ, ఒక బ్రోషర్ అదనంగా ఇచ్చింది. అమ్మాయి నన్ను బయటికి లాక్కొచ్చింది. గోడ పక్కన గడ్డిలో కూర్చుని పులిహోర తిన్నాం.

రాత్రికి మోటెల్‌లో ఉండి, ఆదివారం పొద్దున తిరుగు ప్రయాణమయ్యాం. కారెక్కగానే కిరణ్ చేత వాళ్ల నాన్నగారికి ఫోన్ చేయించాను, అదీ స్పీకర్‌లో. చర్చి పేరుతో సహా అంతా చెప్పి, "మీరు లండన్ వెళ్లి కూడా చూడని లండన్ కట్టడం బావగారూ!" అని ముగించాను. ఆ ఒక్క మాట అనడానికే కదా పది గంటలు ప్రయాణించింది!

"అరె బావగారూ, ఆ జాగ నేను చూసిన!" అన్నారాయన. "చిన్న తోట ఉంటది. పునాది, స్తంభాల మొదళ్లు మిగిలినయ్. మీ చెల్లె మోకాళ్లు నొస్తున్నయంటే ఆడనే కూసొని పులిహోర తిన్నం. పునాది మీది గోడలంత ఎటు వొయినయని ఆమె అడిగితే నాకు తెల్వలే. మిగిలిన లండనంత బస్సు కిటికీలకెళ్లి చూసిందే, ఏం యాదికి లేదు. గా జాగ ఒక్కటే యాదున్నది. గోడలు మంచిగ నిలవెట్టిన్రా బావగారూ?"

గెలుపు సంగతే మరిచిపోయాను. గోడల గురించి, కిటికీల గురించి గంటసేపు చెబుతూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా "లండన్లనైతే" అనలేదు.

"ఇద్దరూ కలిసి ఒక చర్చి చూశారన్నమాట," అంది మా ఆవిడ.

"మేం అమెరికా వస్తే నన్ను గూడ ఆడికి తోల్కపోతరా?" అని అడిగారాయన ఫోన్ పెట్టేసేముందు.

కిరణ్ బెదురుగా నా వైపు చూశాడు. "మళ్లీ టెన్ అవర్సా మామయ్యా?"

ఈసారి నేను వెనక కూర్చుంటానని, ముందు సీటు వాళ్ల నాన్నగారిదని చెప్పాను.