నూట పదహార్లు కలిపిన టీచరు

సెట్టు మార్చమని మా లెక్కల టీచరు గారికి చెప్పి గెలిచినవాళ్లు లేరు. ఆవిడ పాత హామ్ రేడియో ఇరవై ఎనిమిది మెగాహెర్ట్జ్ దగ్గరే పనిచేసేది. అందరూ మాట్లాడుకునేది నూట నలభై నాలుగులో. అందుకని ఆవిడ బిస్కెట్ డబ్బాలో సొంతంగా ఒక కన్వర్టర్ కట్టి సెట్టుకు తగిలించారు. అది వచ్చే మాటను నూట పదహారు కిందికి దించుతుంది, వెళ్లే మాటను అంతే పైకి ఎక్కిస్తుంది.

వినుకొండ కొండ మీద మా హామ్ రేడియో క్లబ్బు ప్రాక్టీసు పెట్టిన రోజు, గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఆవిడ డయలు చూసి మొహం చిట్లించాడు.

"ఇరవై ఎనిమిదిలో ఎవరుంటారమ్మా? కొత్త సెట్టు కొనుక్కుని వచ్చే ఏడాది రండి."

టీచరు గారు కదల్లేదు. అలవాటుగా డబ్బా మూత మీద వేలితో రెండుసార్లు కొట్టారు.

"పెళ్లికెళితే మీరు చదివించరూ? దీనికీ అంతేనండి. డయలు మీద అంకెకి నూట పదహార్లు కలుపుకోండి" అని, మైకు నొక్కి కనిగిరి స్టేషన్‌ని పిలిచారు.

కనిగిరి వెంటనే పలికింది. "చాలా బాగా వినిపిస్తున్నారు మేడమ్! కొత్త సెట్టా అండీ?"

ఆవిడ పెద్దాయన కళ్లలోకి చూస్తూనే జవాబిచ్చారు.

"పాతదేనండి. మార్చను."