మూడో సీడీ

ఈరోజు లైబ్రరీలో పాత సీడీలు అమ్ముతుంటే ఐరిష్ ఫిడిల్ సీడీ ఒకటి కనిపించింది. ఒరేయ్, చిన్నప్పుడు మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి ఐరిష్ తాత మీకు గుర్తున్నాడా? నాకు మూడు సీడీలు ఇచ్చాడు. ఆ మ్యూజిక్ మీరెప్పుడైనా వింటే ఆయన చెప్పిన వరసలోనే వినండి. ముందు ఒక్క ఫిడిల్, తర్వాత ఒక్క విజిల్, అంటే వాళ్ళ పిల్లనగ్రోవి, చివరికి ఏ వాయిద్యమూ లేని పాట. మూడోది వాళ్ళమ్మ వంటింట్లో పాడుతుంటే ఆయనే రికార్డ్ చేసుకున్నది. ఆ సంగతి నాకు ముందే చెప్పాడు.

నా ఎనిమిదో బర్త్‌డేకి ఆయన్ని కూడా పిలిచాం. సంతోషిస్తాడని నేనే ఆ మూడోది పెట్టాను.

"ఏంట్రా, ఎవరు పోయారు?" అన్నాడు శీను అంకుల్.

"పుట్టినరోజు నాడు ఈ శోకాలేంట్రా నాయనా!" అంది ఆంటీ.

అందరూ నవ్వారు. ఎప్పుడూ మూలన కూర్చునే నన్ను అందరూ చూడటం అదే మొదటిసారి. నాకు హుషారొచ్చింది. తల మీద టవల్ కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఆ గొంతుతోపాటు రాగాలు తీశాను. మీరంతా ఈలలు వేశారు కదరా.

తెలుగు రాని తాత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. కళ్ళు తుడుచుకుని, "మా అమ్మ పాట నేర్చుకున్నావా?" అని ఇంగ్లీషులో అడిగాడు. అవునన్నట్టు తలూపాను.

"నో నో సార్, కామెడీ చేస్తున్నాడు. మా ఊళ్ళో ఎవరైనా చస్తే ఇలాగే ఏడుస్తారు," అని నవ్వుతూ చెప్పేశాడు శీను అంకుల్.

తాత నా వైపు చూశాడు. నాకింకా నవ్వు ఆగలేదు. ఆయన లేచి ప్లేయర్ ఆపి, ఆ సీడీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మిగతా రెండూ నువ్వే ఉంచుకో," అన్నాడు.