అమ్మ అడ్డపొగ, నా అబద్ధం

మా చిన్నప్పుడు జంషెడ్‌పూర్ తెలుగువాళ్లు రెండు రకాలు: ఉక్కు కంపెనీ ఆసుపత్రి కార్డు ఉన్నవాళ్లు, లేనివాళ్లు. నాన్న గోల్‌మురిలో కాంట్రాక్టు పని చేసేవాడు కాబట్టి మాది రెండో రకం. మాకు సర్కారు పెద్దాసుపత్రే దిక్కు. మొదట్లో అది నాలుగు వార్డుల చిన్న ఆసుపత్రేనని నాన్న చెప్పేవాడు. మెడికల్ కాలేజీ వచ్చాక దాంతోపాటు తెల్లకోట్ల పిల్లలూ వచ్చారు. నేనూ తమ్ముడూ అక్కడే పుట్టాం. కుక్క కరిచినా, చెయ్యి విరిగినా అక్కడికే పరుగు. ఇప్పుడు కొత్త భవనం, లిఫ్టులు, కంప్యూటర్ చీటీ అన్నీ వచ్చాయి. క్యూ మాత్రం ఎక్కడికీ పోలేదు.

రెండేళ్ల కిందట అమ్మకు అంగిట్లో పుండు పడింది. బారిడీహ్‌లో మా ఇంటి నుంచి ఆటోలో అక్కడికే తీసుకెళ్లాను. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు టార్చి వేసి చూశాడు. చుట్టూ పదిమంది విద్యార్థులు. "బీడీ, సిగరెట్టు అలవాటు ఉందా?" అని హిందీలో అడిగాడు.

అమ్మకు అడ్డపొగ అలవాటు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు కొందరిలాగే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతుంది. ఊరి నుంచి ఎవరొచ్చినా చుట్టల కట్ట తేవాల్సిందే. నేనేమో బళ్లో సైన్సు టీచరమ్మని. పొగాకు వల్ల కలిగే నష్టాల మీద ఏటా పాఠం చెబుతాను. ఆ తెల్లకోట్ల పిల్లలందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది.

"మా ఇంట్లో ఆడవాళ్లకు అలాంటివేం లేవు" అనేశాను.

అమ్మకు హిందీ బాగానే అర్థమవుతుంది. నా మొహంలోకి చూసి ఊరుకుంది. కట్టుడు పళ్లు ఒరుసుకుని పుండు పడి ఉంటుంది, రెండు వారాలు అవి తీసేసి చూడండి అన్నాడు డాక్టరు.

పుండు తగ్గలేదు. మళ్లీ వెళ్లాం. డాక్టరు చూసేముందు ఒక విద్యార్థి రోగి పక్కన కూర్చుని అన్నీ మొదటి నుంచి అడిగి రాసుకోవడం అక్కడి పద్ధతి. నేను చీటీ కోసం క్యూలో నిలబడి తిరిగొచ్చేసరికి, అమ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి, అలా రాసుకుంటున్న ఒక అమ్మాయికి చూపిస్తోంది. నిప్పు ఎటు, పెదవులు ఎలా బిగించాలి, పొగ ఎప్పుడు వదలాలి, అన్నీ వివరంగా. ఆ అమ్మాయి గబగబా వెళ్లి డాక్టర్ని తీసుకొచ్చింది.

"ఏటే అలా సూత్తావు? ఆ పిల్ల సక్కగా కూకోని అడిగింది, సెప్పినాను" అంది అమ్మ నాతో.

ఆ రోజే పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారానికి ఫలితం వచ్చింది. క్యాన్సరే. ఇంకా చిన్నదే, కోసి తీసేస్తే సరిపోతుందన్నాడు డాక్టరు. తరవాత అలాగే తీశారు, సరిపోయింది. కానీ నా అబద్ధం అమ్మను చంపేదేనని ఆ పూట తెలిసింది.

డాక్టరు పాత చీటీ తిరగేశాడు. "మొదటిసారి ఏ అలవాటూ లేదని రాసుందే. ఎవరు చెప్పారు?"

"హమ్ బోలా, డాక్టర్ బాబూ" అంది అమ్మ, ఆ మాట తానే చెప్పినట్టు.

ఇంత వయసొచ్చి డాక్టరు దగ్గర దాస్తారా అని ఆయన అందరి ముందూ అమ్మను మందలించాడు. అమ్మ తలూపుతూ అంతా విన్నది. నేను పక్కనే ఉండి ఒక్క మాటా అనలేదు.