మెర్ల్ బిగించిన ఫిల్టరు

ఆర్లిస్ ముప్పై ఏళ్లు మోటారు విడిభాగాల దుకాణంలో కౌంటరు వెనకే నిలబడింది. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో ఎవరైనా వచ్చి బండి పేరూ, తయారైన ఏడూ చెబితే చాలు, లోపలికి వెళ్లి దానికి సరిపోయే ఆయిల్ ఫిల్టరు తెచ్చి చేతిలో పెట్టేది. అచ్చం అలాగే కనిపించే చవక రకం మీద ఎవరైనా మనసు పడితే మాత్రం ఊరుకునేది కాదు.

"మరలు సరిపోతాయి, కాదన్లేదు. లోపల ఆయిల్‌ను ఆపే వాల్వే లేదు. రాత్రంతా ఆయిల్ కిందికి జారిపోతుంది, పొద్దున స్టార్టు చెయ్యగానే ఇంజను గలగలమంటుంది. ఆ సంగీతం కావాలంటే కొనుక్కో," అనేది.

డబ్బా అందిస్తూ అందరికీ ఒకటే హితవు చెప్పేది. రబ్బరు రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పాలి, రెంచీ జోలికి పోకూడదు.

ఊరంతా విన్న ఆ మాటను చెవిన పెట్టనివాడు ఆమె మొగుడు మెర్ల్ ఒక్కడే. ధాన్యం గోదాములో ఇనుప తలుపులు లాగీ లాగీ కాయలు కాసిన చేతులు అతనివి. అతను మూత పెట్టిన దోసకాయ పచ్చడి సీసా తెరవాలంటే మళ్లీ అతన్నే పిలవాలి. ఇంట్లో బండికి ఆయిల్ మార్చేది అతనే, ఫిల్టరు బిగించేదీ అతనే, ఆ బిగింపు మీద ఏటేటా తగువు పడేదీ ఆ ఇద్దరే. ఫిల్టర్లు లెక్కలేనన్ని అమ్మింది గానీ, ఆర్లిస్ తన చేత్తో ఒక్కటీ బిగించిన పాపాన పోలేదు.

చలికాలంలో మెర్ల్‌కు పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది, మాటా వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. గరాజు గడప తొక్కడం మానేసి వంటింటి కిటికీ పక్కన కూర్చునేవాడు. ఏం అడిగినా "నీ ఇష్టం" అనేవాడు. తగువు పెట్టుకోని మెర్ల్‌ను చూస్తుంటే ఆర్లిస్‌కు భయం వేసేది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఆమె అంత భయపడలేదు.

మే నెలలో బండికి ఆయిల్ మార్చే సమయం వచ్చింది. మనవల్ని రోజూ బడికి దింపే పెద్ద బండి అది.

"మెకానిక్ షాపులో ఇచ్చెయ్," అన్నాడు మెర్ల్.

"ఇవ్వను. నువ్వు కుర్చీ వేసుకుని చెప్పు, నేను చేస్తా."

"నీ ఇష్టం."

బండిని ర్యాంపుల మీదికి ఎక్కించి, కింద అట్ట పరుచుకుని పడుకుంది ఆర్లిస్. పాత ఆయిల్ ట్రేలోకి దించేసింది. ఫిల్టరు దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది. చేత్తో తిప్పితే కదల్లేదు. పట్టీ చుట్టి తిప్పే బెల్టు రెంచీ వేసి లాగినా రెంచీ జారిపోయిందే తప్ప ఫిల్టరు కదల్లేదు.

"ఎవరు బిగించారు దీన్ని, రాక్షసులా?"

మెర్ల్ కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు.

"నేనే. అక్టోబర్లో."

ఆర్లిస్ రెంచీ వదిలేసి ఆ ఫిల్టరు వంక చూసింది. ఆ చేతి పట్టు ఇంకా అక్కడే ఉంది. ఇన్నేళ్లూ తిట్టిపోసిన ఆ బిగింపును విప్పాలంటే ఆమెకు మనసొప్పలేదు.

కుర్చీ కిర్రుమంది. మెర్ల్ మోకాళ్ల మీదికి దిగి, ఆయాసపడుతూ జరిగి జరిగి వచ్చి ఆమె పక్కన పడుకున్నాడు. ఎడమచేత్తో రెంచీ పట్టుకున్నాడు.

"కాలు అక్కడ ఆనించు. ఇద్దరం ఒకేసారి లాగుదాం."

మూడోసారికి ఫిల్టరు కదిలింది. నల్లటి ఆయిల్ ఆర్లిస్ మోచేతి దాకా కారింది.

"పాత రింగు దాంతోపాటు వచ్చిందా, చూడు. ఇంజనుకే అంటుకుపోతే ఆయిల్ కారుతుంది."

"ఊళ్లో సగంమందికి ఆ మాట నేర్పింది నేను."

"నేర్పావు. చూశావా?"

చూసింది. వచ్చింది. కొత్త ఫిల్టరు రింగుకు కాస్త ఆయిల్ రాసి అతనికి అందించింది. మెర్ల్ ఎడమచేత్తో మరలు కుదిర్చి తిప్పాడు. ఆ చేతికి బలం ఉన్నంత మేరా తిప్పి ఆగాడు.

"సరిపోయిందా?"

ఆర్లిస్ పట్టుకుని చూసింది. వదులుగా ఉంది. సరిపోయిందని చెప్పి, అతను లోపలికి వెళ్లాక బిగించుకోవచ్చు. కానీ మెర్ల్‌ను పసిపిల్లాణ్ణి చేసి మభ్యపెట్టడం ఆమె వల్ల కాలేదు.

"లేదు మెర్ల్. ఇంకో అర చుట్టు కావాలి."

అతను ఫిల్టరు మీంచి చెయ్యి తీశాడు.

"అయితే తిప్పు," అన్నాడు.

ఆమె తిప్పింది. అర చుట్టు అయింది. మనవలు ఎక్కే బండి కదా అని ఇంకాస్త తిప్పబోయింది.

మెర్ల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపు. అంతలా బిగిస్తే ఎలా? అక్టోబర్లో దాన్ని విప్పాల్సింది నేను."