మైలుకు ఏడు నిమిషాల బేరం

మూడు కొట్లు తిరగందే చొక్కా గుడ్డ కూడా కొనని మనిషిని నేను. ఆ తెలివితోనే మా మేనల్లుడికి మిలిటరీలో ఏ కొట్టు చవకో వెతికిపెట్టాను. ఒక కుర్రాడి దారిని ఇంత శ్రద్ధగా చెడగొట్టినవాడు పల్నాడు మొత్తంలో ఇంకొకడు లేడని గర్వంగా చెప్పగలను. ఇవాళ పొద్దున వాడు యూనిఫాంలో దిగిన ఫోటోని అక్క నా ఫోనుకి పంపితే అదంతా గుర్తొచ్చింది.

మాది నరసరావుపేటలో ఇనుప సామాను కొట్టు. అక్కని దుర్గిలో శిల్పాలు చెక్కే బావకి ఇచ్చాం. తండ్రితో రాళ్లు మోసి మోసి మేనల్లుడి ఒళ్లూ రాయిలాగే తయారైంది. డిగ్రీ చదువుకి మా ఇంట్లో ఉంటూ, సైన్యంలో చేరాలన్న పిచ్చితో రోజూ వినుకొండ రోడ్డు మీద మైలు పరిగెత్తేవాడు. ఒకరోజు ఫోనులో టైము చూస్తే ఐదు నిమిషాల ఇరవై ఐదు సెకన్లు. తోటి కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే ముందురోజే మూడు కొట్ల ధరలూ కనుక్కున్నాను. ఆర్మీలో మంచి మార్కులు పడాలంటే ఐదున్నర నిమిషాలు. పైగా కడ్డీ పట్టుకుని పదిసార్లు పైకి లేవాలి, తొమ్మిదడుగుల గుంట దూకాలి. నేవీలో ఆరున్నర, దాని మీద బస్కీలూ దండీలూ. ఎయిర్‌ఫోర్స్‌లో ఏడంటే ఏడు నిమిషాలు!

"ఏందిరా ఇది? ఏడు నిమిషాలకి దొరికే సరుకుని ఐదున్నరకి కొంటావా?"

"నాకు ఆర్మీయే ఇష్టం మామా."

"ఇష్టం మొహాన కనపడితే ధర పెంచుతారు. ఊరుకో."

ఆ ఏడు ఆర్మీకి దరఖాస్తు కూడా పెట్టనివ్వలేదు. మిగిలిన ఒకటిన్నర నిమిషాన్ని ఒంట్లో దాచుకోమని సున్నుండలు తినిపించాను. బుద్ధిమంతుడు, నెమ్మదిగా పరిగెత్తడం నేర్చుకుని సరిగ్గా ఆరు నిమిషాల యాభై సెకన్లకి వచ్చేవాడు. తూకమంటే అదీ అని మురిసిపోయాను. తీరా చూస్తే, ఎయిర్‌ఫోర్స్‌లో పరుగు పెట్టేది ముందు ఇంగ్లీషు పరీక్ష దాటినవాళ్లకేనట. ఆ సంగతి నోటీసు రెండో పేజీలో ఉంది. రెండో పేజీ నేను తిప్పలేదు. వాడు పరీక్ష తప్పాడు, పరుగు దాకా పోనేలేదు.

అక్క దుర్గి నుంచి బస్సెక్కి వచ్చి, బేరాలకొచ్చిన వాళ్ల ముందే నిలదీసింది. "ఒరేయ్, చానా తెలివిగలోడివిగా! ఇంకొక్క ఏడు పోతే వాడికి వయసు దాటిద్ది. అప్పుడు నీ కొట్లో మేకులు తూయమంటావా?"

ఆ తర్వాత ఆర్మీకే దరఖాస్తు పెట్టించి, ఆరు నెలలు వాడితోపాటు నేనూ పరిగెత్తాను. నేను మొదటి మలుపు చేరేసరికి వాడు మైలు ముగించి ఎదురొచ్చి, "నీళ్లు తాగు మామా, కూర్చో" అనేవాడు. ఆ సున్నుండలు దిగడానికే మూడు నెలలు పట్టింది. అక్కడి రాత పరీక్ష తెలుగులో గట్టెక్కి, వయసు మిగిల్చిన ఆఖరి ఆర్మీ ర్యాలీలో ఐదు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లకి గీత దాటాడు. ఎంపికయ్యాడు.

దారి చూపింది నేనేనని బజారులో చెప్పుకుంటే ఎవరూ కాదనరు. కానీ నేను అడ్డం పడకపోతే వాడు ఏడాది ముందే చేరేవాడు. అప్పట్లో వాడి వెనక రొప్పుతూ వచ్చిన కుర్రాడొకడు ఆ ఏడే ఆర్మీలో చేరి ఇప్పుడు వాడికి సీనియరు. నేను మిగిల్చింది తొంభై సెకన్లు. ఖర్చయింది ఇరవయ్యేళ్ల వయసులో ఒక ఏడాది, అదీ నాది కాదు, వాడిది.