తెడ్డు ఎత్తిన చోటు

పోయిన మంగళవారం పొద్దున సూర్యాపేట మార్కెట్ యార్డులో కాంటా దగ్గర ఉండగా అత్త ఫోన్ చేసింది. "మీ మామ ఖతమైండు అల్లుడా. మిర్యాలగూడ దవాఖాన నుంచి తెస్తున్నం. నువ్వు సీదా వాడపల్లికే రా" అన్నది. ఏడవలేదు. రెండేళ్లుగా ఆయన దగ్గు పక్కనే పడుకున్న మనిషికి ఆ కబురు కొత్తది కాదు.

ఇది చదివేవాళ్లలో కొందరు మా మేనమామ పుట్టి ఎక్కే ఉంటారు. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట, వెదురు అల్లి తారు పూసిన ఆ గుండ్రటి పడవలో నీటికుక్కలనూ పిట్టలనూ చూపించిన మనిషి ఆయనే. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉండేవి. ఎవరైనా అడిగితే "మొసలి తిన్నది, ఉప్పు తక్కువైందని మిగిలినయి వదిలేసింది" అనేవాడు.

తిన్నది మొసలి కాదు, తూటా. బండలు పగలగొట్టే తూటాలు నీళ్లలో వేసి చేపలు పట్టేవాడు మామ. ఆ రోజు నేను పుట్టిలోనే ఉన్నాను. డిగ్రీ తప్పి ఊళ్లో తిరుగుతున్న రోజులవి. వత్తి అంటించి విసరడంలో ఆయనకు ఒక్క క్షణం ఆలస్యమైంది. చప్పుడు తర్వాత నాకేమీ వినపడలేదు. పుట్టి చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి. ముందే వేసిన తూటాకు చచ్చిన చేపలు తెల్లటి పొట్టలు పైకి చేసి తేలుతున్నాయి, గోరంత పిల్లలతో సహా. నేను వేళ్ల కోసం నీళ్లలో తడుముతుంటే, మామ చేతికి తువ్వాలు చుట్టుకుంటూ నా వీపు మీద తన్నాడు. "వేళ్లు ఏం జేస్కుంటవ్ ర, చేపలు ఏరు. కొట్టుకపోతున్నయ్."

విసురువల వేయడానికి ఆ చేయి పనికిరాలేదు. నీళ్లలో కట్టువలలు కట్టాడు. వాటిని నీటికుక్కలు చింపేవి. తెడ్డు మొదలుతో వాటి తలలు పగలగొట్టేవాడు. ఒకసారి తల్లిని చంపి ఒడ్డుకు లాగితే, రెండు పిల్లలు వెంట ఈదుకుంటూ వచ్చి అరిచాయి. వాటినీ కొట్టాడు. ఆ పూట అత్త ఆయనకు అన్నం పెట్టలేదు.

ఆ తెడ్డుకు అంటిన నెత్తురు చూసి, అటవీశాఖ మేడం ఒకామె రేవులో ఆగింది. కేసు పెడతానని బెదిరించలేదు. నీటికుక్కలను చూడటానికి జనం వస్తారు, నువ్వే తీసుకుపోయి చూపించు అన్నది. మామ పడిపడి నవ్వాడు. "కుక్కను సూడనికి కిరాయి ఇచ్చేటోడు యాడుంటడు మేడం? మా వాడకట్టుల ముప్పై ఉన్నయ్, ముందు అవి సూపిస్త."

వచ్చారు. మొదటగా కోదాడ నుంచి ఒక పంతులు, ఆయన భార్య. నీటికుక్క పిల్లను నోట కరుచుకుని ఈదుతుంటే ఆమె "ఏవండీ, అటు చూడండి, కదలకండి" అని భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మామ ఆ జంతువును చూడలేదట, ఆమె ముఖమే చూశాడట. దిగేటప్పుడు ఆమె "మీ నదిని జాగ్రత్తగా చూసుకోండి అన్నా" అన్నది. ఆ మాట నెలరోజులు ఎగతాళిగా చెప్పుకు తిరిగాడు. "నది నాదంట. సర్కారుకు ఎరుకనో లేదో."

తర్వాత ఎగతాళి తగ్గింది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోస్తున్న ఇద్దరు వెనక్కి వచ్చి పుట్టిలు కట్టుకున్నారు. ఎనిమిది ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. ఆడవాళ్లు రేవులో జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టారు. మామ ఒక కట్టుబాటు పెట్టాడు: తూటా వేసినవాడికి వంతు లేదు.

అది మొదట తప్పింది ఆయన తమ్ముడే, మా చిన్నమామ. మామ గొడ్డలి తెచ్చి, అందరూ చూస్తుండగా తమ్ముడి పుట్టిని నరికాడు. చిన్నమామ తెడ్డుతో ఆయన నెత్తి పగలగొట్టాడు. నెత్తురు కంట్లోకి కారుతున్నా నరుకుతూనే ఉన్నాడు.

"నాకు తూటా పట్టుడు నేర్పింది నువ్వే గదనే" అని చిన్నమామ అరిచాడు.

మామ గొడ్డలి కింద పడేసి కుడిచెయ్యి పైకెత్తాడు. "నేర్పిన చెయ్యి ఇదే. సూస్కో."

అప్పటినుంచి ఆయన పోయేదాకా, ఐదేళ్లు ఇద్దరికీ మాటల్లేవు.

ఎండాకాలం నీళ్లు తగ్గితే నది నడుమ ఇసుకదిబ్బ తేలుతుంది. తల నల్లగా, ముక్కు పచ్చగా ఉండే నీటిపిట్టలు అక్కడ ఉత్త ఇసుక మీదే గుడ్లు పెడతాయి. ఇసుకకూ గుడ్డుకూ తేడా తెలియదు. వచ్చినవాళ్లు తొక్కకుండా మామ ప్రతి గూడు పక్కన ఒక కర్ర నాటాడు. తప్పు అక్కడే జరిగింది.

రెండేళ్ల కింద ఇసుక కోసం ట్రాక్టర్లు దిబ్బ మీదికి వచ్చాయి. మామ అడ్డం నిలబడ్డాడు. పారలతో కొట్టారు. పడిపోయాక కూడా కొట్టారు. తర్వాత వాళ్లలో ఒకడు కర్రలను చూశాడు. "పిట్టలుంటెనే గదా నీ లొల్లి, ముసలోడా" అంటూ ట్రాక్టరును కర్ర వెంట కర్ర మీదుగా తిప్పాడు. మామ ఇసుకలో బోర్లా పడి, ఒక్కొక్క కర్ర విరగడం చూశాడు. మేం పుట్టిలు వేసుకుని దిబ్బ చేరేసరికి ఆయన పక్కటెముకలు మూడు విరిగి ఉన్నాయి. పైన పిట్టలు అరుస్తూ తిరుగుతున్నాయి.

కేసు పెడదామంటే వద్దన్నాడు. "కొట్లాట జాగ అని పేరు పడితే మంది రారు. ఎనిమిదిండ్లు మళ్ల మిల్లుకు పోవాలె." దవాఖానలో అంతకంటే ఎక్కువసార్లు అన్నది ఇంకో మాట. "నేనే సూపించిన అల్లుడా. కర్ర నాటి మరీ సూపించిన."

పోయిన ఎండాకాలం పిట్టలు కొన్ని మళ్లీ వచ్చాయి. మామ ఒక్క కర్ర కూడా నాటలేదు. గూళ్లు ఎక్కడున్నాయో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. దగ్గుతూనే పుట్టి నడిపేవాడు. దిబ్బ వెంట పోతూ ఉన్నట్టుండి తెడ్డు నీళ్లలోంచి ఎత్తి ఒళ్లో పెట్టుకునేవాడు. పుట్టి తనంతట తానే కొంతదూరం పోయేది. ఊపిరి అందక ఆగుతున్నాడని అనుకున్నాం. ఈ ఎండాకాలమూ రోగం ముదిరేదాకా అట్లాగే నడిపాడు. ఆయన పోయాడని తెలిసినప్పుడు రేవులో అందరికీ వచ్చిన మొదటి భయం ఇదే. ఇక గూళ్లు ఎవరికి తెలుసు? దిబ్బ చుట్టూ పుట్టిలు ఎట్లా తిప్పాలి?

మూడో రోజు బూడిద కలపడానికి ఆయన పుట్టినే తీశాం. తెడ్డు పట్టుకోవడానికి పిలవకుండానే చిన్నమామ వచ్చి కూర్చున్నాడు. అత్త ఆయన వైపు చూసి, బూడిద కుండ ఒళ్లో పెట్టుకుంది. దిబ్బ దగ్గరికి రాగానే చిన్నమామ తెడ్డు ఎత్తాడు.

"గీడ ఒకటి" అన్నాడు. కొంతదూరం పోయాక మళ్లీ ఎత్తాడు. "గీడ రెండు."

"నీకెట్ల ఎరుక?" అని అత్త అడిగింది.

"అవతలి ఒడ్డుకెళ్లి సూస్తనే ఉన్న వదినె. అన్న యాడ సప్పుడు గాకుండ తెడ్డెత్తితే గాడ గూడు."

ఒక పిట్ట లేచి మా మీదికి దూకింది. చిన్నమామ నెత్తి మీద ముక్కుతో పొడిచింది, తిరిగి వచ్చి మళ్లీ పొడిచింది. నుదుటి మీదికి సన్నగా నెత్తురు దిగింది. నీటికుక్కల తలలు పగలగొట్టిన ఆ తెడ్డు ఆయన ఒళ్లో అడ్డంగా ఉంది. రెండు చేతులూ దాని మీదే పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. పుట్టి మెల్లగా తిరుగుతూ దిబ్బను దాటింది.