మా ఆయన కుడిచెయ్యి

మా ఆయన లక్ష్మీరాజం కుడిచెయ్యి ఎప్పుడూ రుమాలు కిందే ఉండేది. రుమాలంటే జేబులోది కాదు, భుజాన వేసుకునే గళ్ళ తువ్వాల. ఆయన పోయి ఏడాదయింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

పెళ్ళిలో తలంబ్రాలు ఎడమచేత్తో పోశాడు. పంతులు గొణిగితే, "బియ్యం ఆమె నెత్తిమీదనే పడ్తున్నయ్ గద పంతులూ" అన్నాడు. పదకొండో రోజు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే రుమాలు జారింది. చిటికెన వేలు, ఉంగరం వేలు లేవు. పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములో పందొమ్మిదేళ్ళప్పుడే పోయాయట.

"ఎందుకు దాస్తవ్?" అన్నాను.

"దాసుడేంది? చలి పెడ్తుంది."

అది మే నెల. ఆర్మూర్ గుట్ట రాళ్ళ మీద రొట్టెలు కాల్చుకోవచ్చు.

ఎవరు విందుకు పిలిచినా ఆయనకు ఉపవాసం. సోమవారం శివుడికి, మంగళవారం హనుమంతుడికి, ఆదివారం మల్లన్నకు. మిగతా రోజులకు కూడా దేవుళ్ళు దొరికారు. మహాభక్తుడని ఊళ్ళో పేరు. ఇంటికొచ్చి ఇద్దరి తిండి తినేవాడు.

ఆయన పసుపు మార్కెట్లో దళారి. అప్పట్లో బేరాలు రుమాలు కిందే సాగేవి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యి మొత్తం పట్టుకుంటే అయిదు. చెయ్యి దాచుకునేవాడికి ఇంతకన్నా మంచి పని ఏముంది? కాకపోతే, బేరమాడిన ప్రతివాడూ ఆ చేతిని తడిమినవాడే. ఊరందరికీ తెలిసిన రహస్యాన్ని ఆయనొక్కడే కాపాడుతున్నాడు.

తొంభై ఒకటి ఎండాకాలంలో ఆలూరు నుంచి పసుపు రైతు కనకవ్వ వచ్చి మా గడప మీద కూలబడింది.

"రాజం బిడ్డా, నా కొడుకు భూమన్నయి మూడు వేళ్ళు మక్క కంకులు వొలిచే మిషిన్ల పోయినయ్. పుండు మానింది గని పోరడు ఇల్లు కదుల్తలేడు. మార్కెట్ల నలుగురు చూస్తరట. ఇంటికొచ్చి సగం ధరకు అడిగినోనికే పసుపు ఇస్తనంటుండు. ఏడాది కష్టం, బిడ్డా!"

"గంతేనా? ఫికర్ జెయ్యకు" అని మా ఆయన కొత్త రుమాలు ఒకటి కొని, నన్ను వెంటబెట్టుకుని ఆలూరు బయల్దేరాడు.

భూమన్న చెయ్యి అంగీలో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"ఇగో, గిట్ల కప్పుకో. ఎవ్వనికీ కానరాదు." చలి గురించి, ఉపవాసాల గురించి కూడా మా ఆయన పాఠం చెప్పాడు.

భూమన్న శ్రద్ధగా విన్నాడు. "ఎన్నేండ్లు కప్పుకోవాలె అన్నా?"

మా ఆయన తన రుమాలు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఆ దేవుళ్ళలో ఒక్కడూ ఆదుకోలేదు.

"నువ్వు కప్పుకోవట్టి ఎన్నేండ్లాయె?"

"ఇరవై రెండు."

"ఇంకా చలి పోలేదా?"

కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆగలేదు, పైకే నవ్వాను. మా ఆయన నన్ను గుర్రుగా చూశాడు. తర్వాత చేతిమీది రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"లే, బండి కట్టు. ఇద్దరం గిట్లనే పోదాం."

మార్కెట్లో వట్టి చెయ్యి పైకెత్తి అరిచాడు. "అందరు ఇనుండ్రి! నాకు రెండు వేళ్ళు లెవ్వు!"

బస్తా మోస్తున్న హమాలి హన్మండ్లు తలైనా తిప్పలేదు. "ఎరుకే అన్నా. జర పక్కకు జరుగు."

"ఎరుకనా? ఎప్పటి సంది?"

"మొదటి సంది."

"మరి చెప్పలేదేందిరా?"

"నువ్వు గంత కష్టపడి దాస్తుంటివి. ఎందుకు చెడగొట్టుడని!"

భూమన్న ఫక్కుమన్నాడు. అంగీలోంచి చెయ్యి ఎప్పుడు బయటికొచ్చిందో అతనికే తెలియదు.

కొనే సేటు బేరానికి రుమాలు కింద భూమన్న చేతిని పట్టుకుని తికమకపడ్డాడు. "ఇది రెండా, అయిదా?"

"మొత్తం పట్టినవా?" అన్నాడు మా ఆయన.

"పట్టిన."

"మొత్తమంటే అయిదే సేటూ! నాకు మూడు వేళ్ళు, గదీ అయిదే. వానికి రెండు, గదీ అయిదే!"

గుట్టుగా సాగాల్సిన బేరం మార్కెట్టంతా విన్నది. ఇక తగ్గించడానికి సేటుకు మొహం చెల్లలేదు. పసుపు పూర్తి ధరకు పోయింది.

వారం తర్వాత నేను సద్ది తీసుకుపోతే, మార్కెట్ ముందు చాయ్ బండి దగ్గర మా ఆయనతో భూమన్న కనిపించాడు.

"ఏం తెచ్చినవ్ భూమన్నా?"

"ఏం తేలే వదినా. ఊకెనే వచ్చిన."

పొగలు కక్కే గ్లాసులు ఇద్దరూ కుడిచేతుల్లోనే పట్టుకున్నారు.

"కాల్తలేదా?" అన్నాను.

మా ఆయన భూమన్న వైపు చూసి కన్ను గీటాడు. "కాలెటందుకు మాకున్న వేళ్ళే కొన్ని!"

భూమన్న నవ్వి నవ్వి చాయంతా ఒలకబోసుకుని, ఇంకో చాయ్ చెప్పాడు.